‘అగ్రీ’ నొక్కక ఏం చేస్తాం?

2021 సంక్రాంతికి నాలుగు రోజుల ముందు మా పిన్ని ఫోన్ చేసింది. “ఒరేయ్, వాట్సాప్‌లో ఏదో ఇంగ్లీషులో వచ్చిందిరా. కింద అగ్రీ అని ఉంది. నొక్కమంటావా?” అని. నొక్కకపోతే ఏమవుతుందని రాశారో చదవమన్నాను. అది వాట్సాప్ కొత్త ప్రైవసీ పాలసీ. ఫిబ్రవరి 8 తర్వాత వాట్సాప్ వాడాలంటే దానికి ఒప్పుకోవాల్సిందేనట. “అయితే ఇందులో నిన్ను అడగడానికేముంది, నొక్కేస్తా. చీటీల గ్రూపు అందులోనే ఉంది, పాలబ్బాయి లెక్క కూడా అందులోనే పెడతాడు” అని పెట్టేసింది.

ఆ వారమే మా కజిన్స్‌లో ఒకడు ఉద్యమం మొదలుపెట్టాడు. అందరం వాట్సాప్ వదిలేసి సిగ్నల్ అనే ఇంకో మెసేజింగ్ యాప్‌కి మారిపోదామన్నాడు. ఇలాంటి ఉద్యమాలు అప్పుడు ప్రపంచమంతా నడిచాయి. జనం ఒక్కసారిగా ఎగబడేసరికి జనవరి 15న సిగ్నల్ సర్వర్లే చేతులెత్తేశాయి. మా ఇంటి వాట్సాప్ గ్రూపులో 43 మంది ఉంటే, సిగ్నల్ గ్రూపులో చేరింది ఏడుగురు. అందులో చివరి మెసేజ్ భోగి నాటి ముగ్గు ఫొటో. దానికి ఎవరూ జవాబివ్వలేదు. ఆ గ్రూపు ఇప్పటికీ నా ఫోన్‌లో అలాగే పడి ఉంది.

సోషల్ మీడియా కంపెనీల గురించి మాట వస్తే చాలామంది “మన డేటా దొంగిలిస్తున్నారు” అంటారు. దొంగతనమే అయితే లెక్క తేలిక, కేసు పెట్టొచ్చు. ఇక్కడ అలా లేదు. తలుపు తీసింది మనమే, సంతకం పెట్టింది మనమే. కాకపోతే ఆ సంతకం ఎలాంటి పరిస్థితిలో పెట్టామన్నదే అసలు గొడవ. పిన్ని నొక్కిన ఆ ఆకుపచ్చ బటన్ వెనక పన్నెండేళ్ల కథ ఉంది. అది తెలిస్తే మిగతా చిక్కుముళ్లు కొంత విడతాయి.

మూడు ‘వద్దు’లు

వాట్సాప్ 2009లో పుట్టింది. పెట్టినవాళ్లు జాన్ కూమ్, బ్రయాన్ యాక్టన్. ఇద్దరూ అంతకుముందు యాహూలో ఏళ్ల తరబడి పనిచేసి, ప్రకటనల వ్యాపారాన్ని దగ్గరుండి చూసి విసిగిపోయినవాళ్లు. యాక్టన్ చేత్తో రాసిచ్చిన చీటీ ఒకటి కూమ్ డెస్కు మీద ఉండేది: యాడ్స్ వద్దు, గేములు వద్దు, జిమ్మిక్కులు వద్దు. ప్రకటనలు వచ్చిన చోట యూజరే సరుకైపోతాడని 2012లో వాట్సాప్ బ్లాగులోనే రాశారు. కూమ్ పుట్టింది సోవియట్ కాలపు యుక్రెయిన్‌లో. “ఇది ఫోన్‌లో మాట్లాడే సంగతి కాదు, కలిసినప్పుడు చెప్తా” అని వాళ్లమ్మ ఫోన్‌లో తరచూ అనేదని, తన చిన్నతనం తాలూకు గట్టి జ్ఞాపకాల్లో అదొకటని ఆయన రాసుకున్నాడు.

మరి డబ్బులెలా? ఏడాదికి ఒక డాలర్ చందా. మన దగ్గర ఆ డాలర్ కట్టినవాళ్లు నాకైతే ఒక్కరూ తగల్లేదు. కానీ “ఈ మెసేజ్ పది మందికి పంపకపోతే రేపటి నుంచి వాట్సాప్‌కి డబ్బులు కట్టాలి” అనే ఫార్వర్డ్ అందుకోనివాళ్లు కూడా ఉండరు. డబ్బు కట్టాల్సి వస్తుందేమోనని భయపడి పది మందికి పంపిన తరం మనది. ఇప్పుడు తిరిగి చూస్తే ఆ డాలరే చౌక బేరం అనిపిస్తుంది.

2014 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ వాట్సాప్‌ని కొంటున్నట్టు ప్రకటించింది. ధర 1,900 కోట్ల డాలర్లు. అప్పటికి వాట్సాప్‌లో పనిచేసేవాళ్లు 55 మంది, వాడేవాళ్లు నెలకు 45 కోట్ల మంది. భాగించి చూస్తే ఒక్కో యూజర్‌కి 42 డాలర్లు. ఏడాదికి డాలర్ ఇచ్చే మనిషికి 42 డాలర్లు పోసి కొన్నవాడు ఆ డాలర్ల కోసం కొనలేదని చిన్నపిల్లవాడికి కూడా తెలుస్తుంది. కానీ కూమ్ మాత్రం ఏమీ మారదని యూజర్లకు మాటిచ్చాడు. నా ఊహ, ఆయన ఆ మాట నమ్మే ఇచ్చి ఉంటాడు.

యూరప్‌లో ఇంత పెద్ద కొనుగోలుకి అక్కడి యూరోపియన్ కమిషన్ అనుమతి కావాలి. ఒక మనిషి ఫేస్‌బుక్ ఖాతానీ వాట్సాప్ ఖాతానీ కలిపేస్తారా అని కమిషన్ అడిగింది. నమ్మకంగా, ఆటోమేటిక్‌గా అలా కలపడం సాధ్యం కాదని ఫేస్‌బుక్ చెప్పింది. అనుమతి వచ్చింది. రెండేళ్లు తిరక్కుండానే, 2016 ఆగస్టులో, వాట్సాప్ పాలసీ మారింది. యూజర్ల ఫోన్ నంబర్లు ఫేస్‌బుక్‌కి ఇస్తామని, వాటితో ప్రకటనలు మెరుగుపరుస్తామని రాసింది. కమిషన్ తవ్వి చూస్తే, కలపడం సాధ్యమేనన్న సంగతి 2014లోనే కంపెనీ ఉద్యోగులకు తెలుసని తేలింది. తప్పుడు సమాచారం ఇచ్చినందుకు 2017 మేలో 11 కోట్ల యూరోల జరిమానా వేశారు. 1,900 కోట్ల బేరంలో ఇది ఒక శాతం కూడా కాదు. ఇల్లు కొనేటప్పుడు బ్రోకర్‌కి ఇచ్చే కమిషన్ ఇంతకంటే ఎక్కువే ఉంటుంది.

యాక్టన్ 2017లో కంపెనీ వదిలేశాడు. ఇంకొన్నాళ్లు ఓపిక పడితే చేతికొచ్చే 85 కోట్ల డాలర్ల షేర్లు వదులుకుని మరీ బయటపడ్డాడు. రెండు కంపెనీల డేటా కలపడం చాలా కష్టమని యూరప్ అధికారులకు చెప్పేలా తనకు ముందే తర్ఫీదు ఇచ్చారని తర్వాత ఫోర్బ్స్ పత్రికతో అన్నాడు. పెద్ద ప్రయోజనం కోసం తన యూజర్ల ప్రైవసీని అమ్ముకున్నానని, ఆ సంగతితో రోజూ బతుకుతున్నానని కూడా అన్నాడు. తర్వాత ఆయన 5 కోట్ల డాలర్లు పెట్టి నిలబెట్టిన సంస్థదే మా కజిన్ మమ్మల్ని రమ్మన్న ఆ సిగ్నల్. కూమ్ కూడా 2018లో వెళ్లిపోయాడు. చీటీ రాసినవాడూ లేడు, దాచుకున్నవాడూ లేడు. కంపెనీ అన్నాక మనుషులు మారతారు. ఇచ్చిన మాటకు ఆ తర్వాత ఎవరు పూచీ అన్నది ఏ ఒప్పందంలోనూ రాసి ఉండదు.

పోస్ట్‌మన్‌కి తెలిసినవి

“మన మెసేజ్‌లు వాళ్లు చదువుతారా?” అని అందరూ అడిగే ప్రశ్న. చదవలేరు. 2016 ఏప్రిల్ నుంచి వాట్సాప్‌లో మనుషుల మధ్య నడిచే మాటలు, ఫొటోలు, కాల్స్ అన్నిటికీ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది. పంపే ఫోన్‌లో తాళం పడుతుంది, అందుకునే ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. మధ్యలో కంపెనీ చేతిలో తాళంచెవి ఉండదు. ఇది మంచి పని, కోట్లాది మందికి పైసా ఖర్చు లేకుండా చేసిన పని. ఈ విషయంలో వాళ్లను మెచ్చుకోవాలి.

అయితే 2021 గొడవ మెసేజ్‌ల గురించి కాదు. కంపెనీ “మీ చాట్స్ భద్రం” అని పేపర్లలో ఫుల్ పేజీ ప్రకటనలు ఇచ్చినప్పుడు అడిగినదానికి కాకుండా అడగనిదానికి జవాబిచ్చింది.

మా ఊరి పాత పోస్ట్‌మన్ ఎవరి ఉత్తరమూ విప్పి చదివిన పాపాన పోలేదు. అయినా ఎవరబ్బాయికి ఉద్యోగం వచ్చిందో, ఎవరింట్లో కోర్టు కేసు నడుస్తోందో, ఏ అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారో ఊళ్లో అందరికంటే ముందు ఆయనకే తెలిసేది. కవరు మీద అడ్రసు, ముద్ర, వారానికి ఎన్ని వస్తున్నాయన్న లెక్క, అంతే. దీన్నే ఇప్పుడు మెటాడేటా అంటున్నారు. ఫోన్ నంబర్, ఫోన్ మోడల్, ఐపీ అడ్రస్, నెట్‌వర్క్, భాష, టైమ్ జోన్, ఆఖరికి బ్యాటరీ ఎంత ఉంది, సిగ్నల్ ఎంత ఉంది అన్నవి కూడా తాము సేకరించే వాటిలో ఉన్నాయని వాట్సాప్ తన పాలసీలోనే రాసుకుంది.

ఒక్క ఉదాహరణ చాలు. రాత్రి పదకొండుకి ఒకావిడ నంబర్ నుంచి ఒక ఆస్పత్రి బిజినెస్ ఖాతాకి మెసేజ్ వెళ్లింది. పొద్దున్నే ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌కి. సాయంత్రం అమెరికాలో ఉన్న నంబర్‌తో నలభై నిమిషాల కాల్. మర్నాడు ఒక బీమా కంపెనీ ఖాతాకి మూడు మెసేజ్‌లు. ఇందులో ఒక్క అక్షరం కూడా మనం చదవలేదు. అయినా ఆ ఇంట్లో ఏం జరుగుతోందో మీకు అర్థమైపోయింది కదా.

2021 మార్పు ప్రధానంగా వ్యాపారాలతో చేసే చాట్స్ గురించేనని కంపెనీ వాదన. అందులో నిజముంది. మనం ఒక షాపుకో, బ్యాంకుకో పంపిన మెసేజ్ ఆ షాపు చేతికి వెళ్లాక దాన్ని ఎవరు చూస్తారు, ఎక్కడ దాస్తారు అన్నది ఆ షాపు ఇష్టం. ఆ చాట్స్ దాచే పనిని షాపు ఫేస్‌బుక్‌కే అప్పగించొచ్చు, అందులో తెలిసినదాన్ని తన ప్రకటనలకు వాడుకోవచ్చు. కానీ అసలు కిటుకు ఇంకోచోట ఉంది. 2016లో పాత యూజర్లకు “ప్రకటనల కోసం నా వివరాలు ఫేస్‌బుక్‌కి ఇవ్వొద్దు” అని టిక్ తీసేసే వీలు 30 రోజులపాటు ఇచ్చారు. 2021 నాటికి ఆ టిక్కే లేదు. ఒప్పుకో, లేకపోతే వెళ్లిపో.

చీరల షాపు బిల్లు కౌంటర్

పిన్నికి ఇంకో అనుమానం ఉంది. ఫోన్ తన మాటలు వింటోందని. “మంగళగిరి చీరల గురించి అక్కతో మాట్లాడానో లేదో, గంటలో ఫేస్‌బుక్ నిండా చీరలే!” ఈ మాట ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ వినిపిస్తోంది. మైకు అవసరమే లేకుండా ఇది ఎలా జరుగుతుందో తెలిస్తే, మైకు వింటోందనుకోవడమే నయం అనిపిస్తుంది.

మొదటి దారి, పిక్సెల్. చీరలమ్మే సైటువాళ్లు తమ పేజీలో ఫేస్‌బుక్ ఇచ్చిన చిన్న కోడ్ ముక్క పెట్టుకుంటారు. మీరు ఆ పేజీ తెరవగానే ఎవరు చూశారు, ఏ చీర చూశారు, బుట్టలో వేశారా, కొనకుండా వెళ్లిపోయారా అన్నది ఫేస్‌బుక్‌కి చేరుతుంది. పిన్ని చూడకపోయినా పెద్దమ్మ చూసి ఉండొచ్చు. ఇద్దరూ అదే రోజు ఒకే ఇంటి వైఫైలో ఉండొచ్చు.

రెండోది మనకు బాగా తెలిసిన దారి. బట్టల షాపులో బిల్లు వేసేటప్పుడు “మేడమ్, మొబైల్ నంబర్ చెప్పండి” అంటారు. ఎందుకని అడిగినవాళ్లని వింతగా చూస్తారు. వెనక క్యూ ఉంటుంది, మనం గబగబా పది అంకెలూ చెప్పేస్తాం. అలా పోగైన నంబర్ల జాబితాని షాపు ఫేస్‌బుక్‌కి అప్‌లోడ్ చేయొచ్చు. నంబర్లను గుర్తుపట్టలేని కోడ్‌గా మార్చి పంపుతారు, అవతల ఫేస్‌బుక్ తన దగ్గరున్న నంబర్లనూ అలాగే మార్చి సరిపోల్చుకుంటుంది. సరిపోయినవాళ్లకి యాడ్ పడుతుంది. అంతటితో ఆగదు. “ఇలాంటి వాళ్లే ఇంకొందరిని వెతికి చూపించు” అని కూడా షాపు అడగొచ్చు. అంటే ఆ షాపు గడప తొక్కని పిన్ని కూడా, గడప తొక్కినవాళ్ల పోలికలున్నందుకు జాబితాకెక్కుతుంది.

ఇక్కడే ఇంకో పొరపాటు సరిచేసుకోవాలి. ఫేస్‌బుక్ డేటాను అమ్ముతుందని అంటారు. షాపువాడికి పిన్ని పేరు, నంబర్ ఇవ్వదు. ఎందుకిస్తుంది? పాడిగేదెని అమ్ముకుంటే ఒకసారే డబ్బొస్తుంది, పాలు అమ్ముకుంటే రోజూ వస్తుంది. పిన్ని కంటి ముందు చీర పెట్టే హక్కుని పూటకొకరికి అద్దెకిస్తుంది. 2018 ఏప్రిల్‌లో అమెరికా సెనేట్ విచారణలో, యూజర్లు డబ్బు కట్టకపోతే వ్యాపారం ఎలా నడుస్తుందని ఒక పెద్దాయన ఫేస్‌బుక్ అధిపతి జుకర్‌బర్గ్‌ని అడిగాడు. “సెనేటర్, మేం యాడ్స్ వేస్తాం” అన్నాడతను. జనం సెనేటర్‌ని చూసి నవ్వుకున్నారు. ప్రశ్న అడిగినవాడి కంటే జవాబు చెప్పినవాడే అందులో ఎక్కువ దాచాడని నాకనిపిస్తుంది.

లెక్కలు కావాలంటే: 2024లో మెటా (2021లో ఫేస్‌బుక్ కంపెనీ పెట్టుకున్న కొత్త పేరు) ఆదాయం 16,400 కోట్ల డాలర్ల పైమాట. అందులో నూటికి 97 వంతులు ప్రకటనలదే. 2023 చివరి మూడు నెలల్లో అమెరికా, కెనడాల్లో ఒక్కో ఫేస్‌బుక్ యూజర్ మీద కంపెనీకి వచ్చింది 68 డాలర్లు. మనదేశం ఉన్న ఆసియా పసిఫిక్‌లో అయిదున్నర. టెక్సాస్‌లో ఉన్న మా చెల్లెలు, విజయవాడలో ఉన్న పిన్ని ఒకే ఫొటోకి లైక్ కొడతారు. ఒక లైక్ ఖరీదు ఇంకోదానికి పన్నెండు రెట్లు. మనం చౌక కాబట్టి మన మీద కన్ను తక్కువని అనుకోవద్దు. తలకి తక్కువ వస్తే తలలు ఎక్కువ కావాలి. అందుకే మన మీద ఇంత ప్రేమ.

నా నంబర్ నీ ఫోన్‌లో

ప్రైవసీని మనం సొంత ఆస్తిలా ఊహించుకుంటాం. నా డేటా, నా ఇష్టం అని. అది అంత తేలిగ్గా కుదరదు.

కేంబ్రిడ్జ్ అనలిటికా వ్యవహారం గుర్తుందా? ఒక పర్సనాలిటీ క్విజ్ యాప్ ద్వారా పోగుచేసిన డేటా ఎన్నికల ప్రచార సంస్థ చేతికి చేరిన కథ. ఫేస్‌బుక్ ఇచ్చిన లెక్క ప్రకారం ప్రపంచం మొత్తం మీద 8.7 కోట్ల మంది వివరాలు వెళ్లి ఉండొచ్చు. అందులో భారతీయులు 5.62 లక్షలు. మరి మన దేశంలో ఆ యాప్‌ని ఇన్‌స్టాల్ చేసుకున్నది ఎంతమంది? 335. మిగతావాళ్లంతా కేవలం ఫ్రెండ్స్. ఎవడో క్విజ్ ఆడాడు, వాడి స్నేహితుల బయోడేటా వెళ్లిపోయింది.

కాంటాక్ట్స్‌కి అనుమతి ఇవ్వడమంటే ఇదే. నేను ఎంత జాగ్రత్తగా ఉన్నా, నా నంబర్ ప్లంబర్ ఫోన్‌లో ఉంది, పాత ఇంటి ఓనర్ ఫోన్‌లో ఉంది, పదేళ్ల కింద సంబంధం చూడ్డానికి వచ్చి వెళ్లినవాళ్ల ఫోన్‌లోనూ ఉంది. వాళ్లలో ఎవరు ‘అలౌ’ నొక్కినా నేనూ అందులో ఉంటాను. నన్ను ఎవరూ అడగరు.

అదేం పెద్ద విషయం, నంబరే కదా అనేవాళ్లకి హైదరాబాద్‌లో 2020 డిసెంబర్ గుర్తుచేయాలి. కోవిడ్‌లో ఉద్యోగాలు పోయినవాళ్లు ఫోన్‌లో లోన్ యాప్స్ దింపుకుని అయిదు వేలు, పది వేలు తీసుకున్నారు. అప్పు ఇచ్చేముందు యాప్ కాంటాక్ట్స్ మొత్తం లాగేసుకునేది. కిస్తీ ఆలస్యమైతే కాల్ సెంటర్ నుంచి ఫోన్లు అప్పు తీసుకున్నవాళ్లకే కాదు, అత్తగారికి, ఆఫీసులో మేనేజర్‌కి, పెళ్లి కుదరబోతున్న చెల్లెలి అత్తింటివారికి కూడా వెళ్లేవి. ‘ఫలానా వ్యక్తి దొంగ’ అని ఫొటోతో వాట్సాప్ గ్రూపులే పెట్టేవారు. ఆ వేధింపులకు తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు. 2022లో రిజర్వ్ బ్యాంక్ తెచ్చిన నిబంధనల్లో, అప్పులిచ్చే యాప్స్ ఫోన్‌లోని కాంటాక్ట్స్, ఫైళ్లు, కాల్ జాబితా జోలికి పోకూడదని రాశారు. కాంటాక్ట్ జాబితా అంటే పరువు తాకట్టు పత్రమని మన జనానికి ప్రాణాలు పోయాక తెలిసింది.

పెద్ద సోషల్ మీడియా కంపెనీ, లోన్ యాప్ ఒకటేనని అనడం లేదు. ఒకటి వ్యాపారం, ఇంకోటి రౌడీయిజం. కానీ రెండూ కొట్టే తలుపు ఒకటే.

యూరప్‌కొక పాలసీ, మనకొకటి

వ్యాపార నీతి గురించి నాకున్న గట్టి అభిప్రాయం ఇక్కడే పుట్టింది. 2021లో మనకి ‘ఒప్పుకో, లేకపోతే వెళ్లిపో’ అన్న వాట్సాప్, అదే నెలలో యూరప్ యూజర్లకు వేరే పాలసీ పెట్టింది. అక్కడివాళ్ల వాట్సాప్ వివరాలను ఫేస్‌బుక్ తన ప్రకటనల కోసం వాడుకోదని చెప్పింది. అదే యాప్, అదే ఆకుపచ్చ గుర్తు, అదే ఇంజనీర్లు. తేడా ఒక్కటే. యూరప్‌లో 2018 మే 25 నుంచి జీడీపీఆర్ అనే చట్టం అమల్లో ఉంది, తప్పు చేస్తే ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 4 శాతం దాకా జరిమానా వేయొచ్చు. మనకి అప్పటికి అలాంటి ప్రత్యేక డేటా చట్టమే లేదు.

యూజర్ ప్రైవసీ తమకు విలువైన సూత్రమని కంపెనీ చెప్పుకుంటుంది. సూత్రమైతే బెర్లిన్‌లోనూ బెజవాడలోనూ ఒకలాగే ఉండాలి. చట్టం ఉన్న చోట కనిపించి, లేని చోట మాయమయ్యేదాన్ని సూత్రం అనరు. అది చట్టానికి ఇచ్చిన మర్యాద, అంతే. కేంద్ర ఐటీ శాఖ కూడా అప్పట్లో వాట్సాప్‌కి రాసిన లేఖలో ఈ తేడానే ప్రశ్నించి, మార్పులు వెనక్కి తీసుకోమంది. కంపెనీ గడువుని మే 15కి జరిపింది, ఒప్పుకోనివాళ్ల ఖాతాలు ఆపబోమని తర్వాత తగ్గింది. కానీ అప్పటికే పిన్ని లాంటివాళ్లు నొక్కేశారు.

ఆ లేఖ రాసిన ప్రభుత్వమే, అంతకు నాలుగేళ్ల ముందు ప్రైవసీ ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టులో వాదించింది. రిటైర్డ్ జడ్జి పుట్టస్వామి వేసిన కేసులో తొమ్మిది మంది జడ్జీలు 2017 ఆగస్టు 24న ఆ వాదన కొట్టేసి, హక్కేనని ఏకగ్రీవంగా తేల్చారు. ఆ తర్వాత మెసేజ్‌ని మొదట ఎవరు పంపారో చెప్పాలని ప్రభుత్వం రూలు తెస్తే, అలా చెప్పాలంటే ఎన్‌క్రిప్షన్ పగలగొట్టాలని వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకెక్కింది. బలవంతం చేస్తే దేశం వదిలిపోతామని 2024లో కోర్టులోనే చెప్పింది. కంపెనీ నుంచి కాపాడమని ప్రభుత్వం దగ్గరికి, ప్రభుత్వం నుంచి కాపాడమని కంపెనీ దగ్గరికి తిరగాల్సిన స్థితి మనది.

యూరప్‌లో మాత్రం అంతా బాగుందని కాదు. 2023 నవంబర్‌లో మెటా అక్కడ కొత్త బేరం పెట్టింది. యాడ్స్ లేని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ కావాలా, నెలకు 9.99 యూరోలు కట్టండి. లేదంటే ట్రాకింగ్‌కి ఒప్పుకోండి. ప్రైవసీకి ఎమ్మార్పీ వేశారు. ఇది స్వేచ్ఛగా ఇచ్చే ఎంపిక కాదని 2025 ఏప్రిల్‌లో యూరోపియన్ కమిషన్ 20 కోట్ల యూరోల జరిమానా వేసింది.

గంటన్నర ఆదాయం

మన దగ్గర వాట్సాప్ 2021 పాలసీని పట్టుకున్నది ప్రైవసీ అధికారి కాదు, అప్పటికి అలాంటి పదవే లేదు. వ్యాపారాల్లో పోటీ సరిగ్గా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ 2021 మార్చిలో తనంతట తానే కేసు తీసుకుంది. ఆ వాదన నాకు నచ్చింది. దాన్ని పిన్ని భాషలో చెప్పాలంటే ఇలా ఉంటుంది: ఊరికి ఒకటే బావి. బావి ఓనర్ “నీళ్లు ఉచితం, కానీ మీ ఇంట్లో ఎవరెవరున్నారో రాసిచ్చి తోడుకోండి” అన్నాడు. అందరూ రాసిచ్చారు. అది ఇష్టపడి ఇచ్చినట్టా? చీటీల గ్రూపు, పాలబ్బాయి, అపార్ట్‌మెంట్ అసోసియేషన్, పిల్లల స్కూలు అన్నీ ఒకే యాప్‌లో ఉన్నప్పుడు ‘వద్దంటే వెళ్లిపోవచ్చు’ అనే మాటకి అర్థం లేదు. ఏడుగురున్న మా సిగ్నల్ గ్రూపే దానికి సాక్ష్యం.

2024 నవంబర్ 18న కమిషన్ మెటా మీద 213.14 కోట్ల రూపాయల జరిమానా వేసి, అయిదేళ్లపాటు వాట్సాప్ డేటాని ప్రకటనల కోసం తన ఇతర కంపెనీలకు ఇవ్వొద్దంది. మెటా అప్పీలుకు వెళ్లింది. 2025 నవంబర్‌లో అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాని ఉంచి, అయిదేళ్ల నిషేధాన్ని తీసేసింది. 213 కోట్లు వినడానికి పెద్ద మొత్తమే. 2024లో మెటా గంటకు సంపాదించినదాన్ని లెక్కేస్తే, అది గంటన్నర ఆదాయం కూడా కాదు. మధ్యాహ్నం భోజనానికి వెళ్లి వచ్చేసరికి తీరిపోయే బాకీ. జరిమానా ఇంత చిన్నదైతే, కంపెనీ లెక్కల పుస్తకంలో అది శిక్షగా ఉండదు, కరెంటు బిల్లులా ఖర్చు కింద ఉంటుంది. నిషేధమే అసలు నొప్పి పుట్టించేది, పోయింది అదే.

డేటా చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, దాని రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి. కంపెనీల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకు ఇంకో 18 నెలలు టైమిచ్చారు. అంటే 2027 మే దాకా. ఇందులో నాకు బాగా నచ్చినవి రెండు. ఒకటి, సమ్మతి కోరే నోటీసుని రాజ్యాంగంలోని 22 భాషల్లో మనకు కావాల్సిన దాంట్లో చదువుకునే వీలుండాలి. అంటే పిన్నికి తెలుగులో అడిగే హక్కుంది. రెండోది, అవసరానికి మించి అడిగి తీసుకున్న సమ్మతి చెల్లదు. దీనికి చట్టంలోనే ఉదాహరణ ఇచ్చారు: ఫోన్‌లో డాక్టర్‌ని చూపించే యాప్ వైద్యం కోసం వివరాలతోపాటు కాంటాక్ట్స్ కూడా అడిగి, మనిషి రెండింటికీ ఒప్పుకున్నా, వైద్యానికి కాంటాక్ట్స్‌తో పనిలేదు కాబట్టి ఆ ముక్క వరకు సమ్మతి లేనట్టే. ఎవరు రాశారోగానీ, లోన్ యాప్‌ల సంగతి తెలిసినవాళ్లే రాసి ఉండాలి.

నచ్చనివి కూడా ఉన్నాయి. ప్రభుత్వం తాను నోటిఫై చేసిన సంస్థలకు దాదాపు మొత్తం చట్టం నుంచి మినహాయింపు ఇచ్చుకోవచ్చు. గరిష్ట జరిమానా టర్నోవర్‌లో ఇంత శాతమని కాకుండా 250 కోట్లని పెట్టారు. గంటన్నర లెక్క ఇప్పుడే చూశాం. చిన్న స్టార్టప్‌ని ముంచేసే మొత్తం, పెద్ద కంపెనీకి చిల్లర.

మొన్న విజయవాడ వెళ్లినప్పుడు పిన్ని ఫోన్ తీసుకుని ఫేస్‌బుక్ సెట్టింగ్స్‌లో లోపలికి, ఇంకా లోపలికి వెళ్లి, బయటి సైట్లు, యాప్‌లు ఆమె గురించి ఫేస్‌బుక్‌కి చెప్పిన జాబితా తెరిచాను. ఒక మందుల యాప్, రెండు చీరల సైట్లు, ఒక పెళ్లి సంబంధాల సైటు, పంచాంగం యాప్, మనవడు ఆడుకునే గేము. పక్కన తేదీలు. కళ్లజోడు సర్దుకుని ఒక్కొక్కటీ చదివింది. మందుల యాప్ దగ్గర ఆగింది. “ఇది బాబాయి షుగర్ మాత్రలకి వాడేది. వీళ్లకెందుకురా?” అంది.

క్లియర్ చేయమంది, చేశాను. పాతవి పోయాయి. కొత్తవి రాకుండా ఆపేది వేరే బటన్, ఇంకో పేజీలో ఉంది. అది కూడా నొక్కాను. అప్పుడు కింద చిన్న అక్షరాల్లో కనిపించింది: ఆ సైట్లు ఇకమీదట కూడా సమాచారం పంపుతూనే ఉంటాయి, కాకపోతే దాన్ని ఈ ఖాతాతో కలపరట. పిన్నికి తెలుగులో చెప్పాను.

“అంటే రాసుకోవడం మానరు, నా పేరు పక్కన రాయరు, అంతేనా?” అంది. అంతేనన్నాను. ఫోన్ తీసుకుని చీటీల గ్రూపు తెరిచింది. ఆ సాయంత్రం పాట ఉంది.